బట్లహళ్ళి తోటలో పగిలిన సీసాలు

శవం డ్రమ్ము పక్కనే పడి ఉంది. మెడ సగం తెగింది. నెత్తురు పొయ్యి బూడిదలో ఇంకి నల్లబడింది.

1944 మే నెల. చింతామణి తాలూకా బట్లహళ్ళి మామిడితోట. చచ్చింది తోట యజమాని రామకృష్ణప్ప. పక్కనే మచ్చుకత్తి. కడిగి ఉంది.

భార్య అక్కయమ్మ చేతులు పోలీసు దఫేదారు అప్పటికే కట్టేశాడు. ఆమె ఒళ్ళంతా నెత్తురు.

"తీసుకుపోదామా సార్? ఉరి ఖాయం."

"ఆగవయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెంకటరామప్ప.

సగానికి కోసిన తారు డ్రమ్ము. మూడు రాళ్ళ మీద పెట్టారు. అడుగున గోనెపట్ట. మామిడిరసం ఏడాదంతా నిలవ ఉండాలని, మూతలు బిగించిన సీసాలను అందులో ఉడికిస్తున్నారు. ఇప్పుడు సీసాలన్నీ పగిలాయి. నీళ్ళు అంచు దాటి పొర్లాయి. పక్క పొయ్యి మీద ఇత్తడి అండా నిండుగా మరుగుతోంది. చెట్టుకింద తాగే నీళ్ళ కుండ మాత్రం ఖాళీ.

"ఈ అండా ఎందుకమ్మా?"

"డ్రమ్ములో నీళ్ళు తగ్గితే పోసేదానికి సామీ. కాగిన నీళ్ళే పొయ్యల్ల. చన్నీళ్ళు తగిలితే సీసాలు పగుల్తాయి. మూడేండ్లుగా ఈ అండా మోసేది మా కావలి మునియప్పే."

"నువ్వు యాడికి పోయింటివి?"

"మూతలు తెచ్చేదానికి ఇంటికి. వచ్చేసరికి ఆయప్ప పడిపోయుండాడు. ఒళ్ళోకి ఎత్తుకున్నా."

రామకృష్ణప్ప తమ్ముడు పిళ్ళప్ప నవ్వాడు. మోచేతి దాకా తువ్వాలు చుట్టుకున్నాడు.

"బాగా కతలు చెప్తాండాది మా వదిన."

"నువ్వు యాడ ఉండావు?"

"తోట ఆ కొసన. సీసాలు ఉడకేసేది ఆడోళ్ళ పని సార్. ఆ డ్రమ్ము కాడికి నేనెందుకు పోతా?"

"అన్నతో గొడవా?"

"ఏం లే."

"లేకేం," అన్నాడు కావలి మునియప్ప. "ఈయప్ప చెట్లు కొట్టి బొగ్గు కాలుద్దామన్నాడు సార్. యుద్ధంలో పెట్రోలు దొరక్క బస్సులన్నీ ఇప్పుడు బొగ్గుతోనే నడస్తాండాయి గదా. నేను చచ్చినాక కొట్టుకో అన్నాడు పెద్దప్ప."

"నీకెవురు చెప్పమన్నారు రా?" అంటూ పిళ్ళప్ప అతని మీదికి పోయాడు.

ఇన్‌స్పెక్టర్ మధ్యలోకి వచ్చాడు.

"నరికినవాడికి నెత్తురు కడుక్కోవాల్సి వచ్చింది. కుండెడు నీళ్ళు చాలవు. డ్రమ్ములో చెయ్యి పెడితే కాలుతుంది. అందుకని స్నానానికి కలిపినట్టు అందులో ఆ కుండలోని చన్నీళ్ళు గుమ్మరించాడు. సీసాలు పేలి మరిగే రసం చేతి మీదికి చిమ్మింది. ఈ అమ్మ ఆ పని చెయ్యదు. మూడేళ్ళుగా ఆ అండా మోస్తున్న మునియప్పా చెయ్యడు. పైగా ఈమె కత్తి కడిగి, తన ఒళ్ళు కడుక్కోకుండా కూర్చుంటుందా? ఈ పని చూడనివాడు ఇక్కడ ఒక్కడే. తువ్వాలు విప్పు పిళ్ళప్పా."

పిళ్ళప్ప వంగాడు. కత్తి లేచింది. దఫేదారు భుజం చీలి నెత్తురు చిమ్మింది. రెండో వేటు ఇన్‌స్పెక్టర్ మెడకు వచ్చింది. లాఠీ అంతకన్నా ముందు దిగింది. మణికట్టు ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది.

తువ్వాలు ఊడింది. చెయ్యంతా బొబ్బలు.

"ఇద్దురూ పోతే తోట నాదవుతుందనుకుంటి," అని మూలిగాడు పిళ్ళప్ప.

అక్కయమ్మ అతని వైపు చూడలేదు.

"చేతులు విప్పండి సామీ," అంది. "ఆయప్పకు నీళ్ళు పొయ్యల్ల."

ఇన్‌స్పెక్టరే వంగి ముడి విప్పాడు.