మారెక్క కోడలు నవ్విన మధ్యాహ్నం

మిట్టమధ్యాహ్నం... నీడలు సైతం కాళ్ల కింద దాక్కునే దుర్ముహూర్తం! గుమ్మఘట్ట దాపున, ఎండిపోయిన శనక్కాయ చేలో, వేపచెట్టు తొర్రలోంచి పట్టపగలే గుడ్లగూబ భీకరంగా అరిచింది! చినుకు లేని ఆకాశంలో ఎక్కడో ఉరుము...

చెట్టు కింద పసుపు కుంకుమలతో వేసిన ముగ్గు. ముగ్గు నడుమ కపాలం! దాని ముందు హేమలత... నెల తిరగని బాలింత. కాన్పు అయినప్పటి నుంచి ఆమె కంటి మీద కునుకు లేదు. బిడ్డను ఎత్తుకుంటే చేతులు వణుకుతాయి. కారణం లేకుండా కన్నీళ్లు కారిపోతాయి. ఆసుపత్రికి తీసుకుపొమ్మని భర్త గిరి కాళ్లు పట్టుకుంది. అత్త మారెక్క మాత్రం మాంత్రికుడు తిప్పేష్‌ను పిలిపించింది.

వేపమండలతో ఎంత బాదినా హేమలత అరవలేదు. గుడ్లప్పగించి కూర్చుంది.

"ఏం దయ్యమప్పా ఇది! సినిమాలో అయితే ఈపాటికి జుట్టు ఇరబోసుకోని ఎగురుతాంటాది" అని పక్కింటి చౌడమ్మ పెదవి విరిచింది.

తిప్పేష్ పళ్లు నూరాడు. దయ్యం పలకకపోతే తన పరువేం కావాలి? "దీంట్లో లేదు మారెక్కా! పాల వెంట బిడ్డలోకి దూరినాది. బిడ్డను ఈడ పండబెట్టు!"

మారెక్క చంకలోని బిడ్డను ముగ్గు పక్కన పండబెట్టింది. నిప్పుల్లో కొడవలి ఎర్రగా కాలుతోంది...

హేమలత కొడవలిని చూసింది, బిడ్డను చూసింది. కడుపు చించుకుని పుట్టిన బిడ్డ! టీవీలో చూసిన దయ్యాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వీళ్లకు కావలసింది అదే కదా?

జుట్టు విప్పింది. కనుగుడ్లు తిప్పింది. వికటాట్టహాసం చేసింది! "బిడ్డను ఇడ్సరా! నేనుండేది ఈడ... నాతో మాట్లాడు!"

జనం వెనక్కి తూలారు. "అట్ల రా దోవకు! ఎవరు నువ్వు?" తిప్పేష్ కళ్లు మెరిశాయి. కాలిన కొడవలి ఎత్తి ఆమె మీదికి దూకాడు...

ఆ క్షణాన లేచింది ప్రచండమైన సుడిగాలి! ఎర్రమట్టి ఆకాశమంత స్తంభమై, హేమలత వెంట్రుకనైనా, బిడ్డనైనా తాకకుండా ముగ్గును మింగేసింది. కపాలం ఫెళ్లున పగిలింది! "తప్పయినాది తల్లీ...!" తిప్పేష్ ఆర్తనాదం. దుమ్ము అణిగేసరికి అతడు నెత్తురు కక్కుకుని, కళ్లు తేలేసి, శవమై పడి ఉన్నాడు!

హేమలత పాకుతూ వెళ్లి బిడ్డను గుండెకు హత్తుకుంది.

"నాకేమీ పట్టలేదత్తా... ఊరికే అట్ల చేసినా. నాకు నిద్ర లేదు. బతకబుద్ధి కాలేదు. డాక్టరు కాడికి తీసుకపో అత్తా..."

మారెక్క దబ్బున ఆమె పాదాల మీద పడింది. గిరి కూడా పడ్డాడు. చౌడమ్మ కొబ్బరికాయ కోసం పరుగెత్తింది.

"అమ్మవారు! అమ్మవారే వచ్చినాది!"

"ఆసుపత్రికి..." హేమలత గిరి వైపు చేయి చాపింది.

మారెక్క కోడలి పాదాలకు పసుపు పూసి, చేతులు జోడించింది.

"తల్లీ... వాన ఎప్పుడు కురుస్తాదో చెప్పు!"