రెండింటికి లేచే పేరు

మా వదిన పనిచేసే ఆఫీసులో మూడో అంతస్తు సర్వర్ గదికి చెడ్డ పేరుంది. చీకటిపడితే అటు ఎవరూ తొంగిచూడరు. ఆ గదిలో పనిచేస్తూనే ఓ పెద్దాయన పోయాడు మరి...

ఆయన పోయి నెల తిరిగాక మొదలైందట. రాత్రి రెండు కొట్టగానే ఆ గదిలోని నలభై యంత్రాల్లోనూ ఆయన అకౌంటు దానంతటదే లేస్తుంది. తెల్లారేసరికి కొన్ని ఫిర్యాదుల ఫైళ్లు మాయం. పొద్దున అకౌంటు తీసేస్తే, రాత్రికి మళ్లీ హాజరు.

"పోయినా పీడ వదల్లేదు," అనేవాడు మేనేజరు, అందరి ముందూ.

వదినకి ఒళ్లు మండిపోయేది. ఆమెకి చేయిపట్టి పని నేర్పింది ఆ పెద్దాయనే. పోయినవాడు తిరిగి నోరెత్తలేడని ఎంత మాటైనా అనేయడమేనా? ఆ కోపంతోనే ఓ రాత్రి ఒక్కతే వెళ్లి ఆ గదిలో కూర్చుంది.

ఫ్యాన్ల హోరు తప్ప చప్పుడు లేదు. అన్నిటిలోనూ ఆయన అకౌంటు తీసేసి, గడియారం చూస్తూ ఉంది.

రెండయింది —

మొదటి యంత్రంలో ఆయన పేరు. తర్వాత రెండోదాంట్లో... మూడోదాంట్లో... ఎవరో వరసగా తలుపులు తడుతూ దగ్గరికొస్తున్నట్టు.

వదిన కోపం భయాన్ని మింగేసింది. యంత్రాలకి రోజూ పనులు పురమాయించే స్క్రిప్టు తెరిచింది.

జాబితాలో జాబితా, అందులో ఇంకో జాబితా. గుంపులు, గుంపుల్లో యంత్రాలు, ఒక్కో యంత్రం కింద మనుషుల పేర్లు. రాత్రి రెండింటికి స్క్రిప్టు ప్రతి గుంపూ, గుంపులో ప్రతి యంత్రమూ చుట్టొస్తుంది. అట్టడుగున పేరుంటే అకౌంటు తెరుస్తుంది, లేకపోతే మూస్తుంది. అందరూ పైపైన చూసి వదిలేశారు. వదిన అడుగుదాకా దిగింది.

ఉంది... పెద్దాయన పేరు. చేర్చిన తేదీ, ఆయన పోయిన నెల రోజుల తర్వాతది.

"ఎంత పాపానికి ఒడిగట్టారు..." పళ్లు కొరుకుతూ ప్రతిచోటా ఆ పేరు కొట్టేసి, స్క్రిప్టు మళ్లీ నడిపింది. నలభైలోనూ అకౌంటు మూసుకుపోయింది.

నిమిషం గడవలేదు — గోడకున్న ఫోను మోగింది.

"ఎవరది..." గుసగుసగా ఓ గొంతు. "ఎందుకు మూసేశావు? నేనింకా లోపలే ఉన్నాను..."

వదిన ఫోను చెవికి దూరంగా జరిపింది. ఒక్క క్షణమే. ఆ గొంతు ఆమె రోజూ వినేదే.

"ఆయన పేరు మీద లోపలికొచ్చి మీరు చెరిపేసిన ఆ ఫిర్యాదులన్నీ మీ మీద వచ్చినవే కదా, సార్?" అంది మెల్లగా.

మేనేజరు ఫోను పెట్టేశాడు.