పెంటమ్మ పెట్టుకున్న పేరు

ఆదివారమైనా సరే, యాదగిరి ఇంట్లో పొద్దు అతని భార్య ఇందిరమ్మ గొంతుతోనే మొదలవుతుంది. కర్దనూర్‌లో ఆ వాడకట్టు వాళ్లకు అలారం గడియారంతో పని లేదు. "బకెట్ల నీళ్లు ఒంపిందెవరు? పొయ్యి మీది పాలు సూసేదెవరు?" అని ఆమె ఒక్క కేక పెడితే చుట్టుపక్కల నాలుగిళ్లూ లేచి కూర్చుంటాయి. ఆ కేకల్లో ముప్పాతిక వంతు ఒక్కగానొక్క కూతురు పెంటమ్మ కోసమే. ఇరవై రెండేళ్లుగా అరుస్తూనే ఉంది, ఆ పిల్ల వింటే కదా!

పెంటమ్మ డిగ్రీ చదివి, బొంతపల్లి వైపు ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తోంది. వారంలో ఆరు రోజులు కంపెనీ బస్సు, గాజు గొట్టాలు, తెల్లకోటు. ఏడో రోజు మాత్రం ముందుగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఆన్‌లైన్ ఆటలో మునిగిపోతుంది. దేశదేశాల వాళ్లు చేరే ఆట అది. ఒక్కొక్కరూ ఒక మనిషిని తయారుచేసి, ముఖం దిద్ది, ఆయుధమిచ్చి, పేరు పెట్టి, భూతాల మీదికి తోలుతారు. 2006లో ఇంటికి నెట్ కనెక్షన్ వచ్చినప్పటి నుంచి రెండేళ్లుగా ఇదే వరస. ఇందిరమ్మ లెక్కలో అదంతా కరెంటు దండగ. ఆటలో కూతురు ఏ పేరు పెట్టుకుందో ఆమె ఏనాడూ అడగలేదు, కూతురూ చెప్పలేదు.

ఆ పొద్దున ఇందిరమ్మ గడప దగ్గర కూర్చుని బియ్యం చెరుగుతోంది. యాదగిరి ఇంకా రాత్రి డ్యూటీ దిగి రాలేదు. లోపల పెంటమ్మ ఉన్నట్టుండి గట్టిగా అరిచింది.

"అరే, రత్నమాల మర్ గయీ! కోయీ తో ఆవో! జల్దీ ఆవో, రత్నమాల మర్ గయీ!"

ఇందిరమ్మ చేతిలోని చాట జారి బియ్యం గడప నిండా చిందాయి. బీహార్ కూలీల పక్కన బతికే ఊళ్లో ఆ మాత్రం హిందీ అర్థం కాకపోవడమేమిటి? ఆమె లేచి లోపలికి వచ్చి కూతురి చెవుల మీది హెడ్‌ఫోన్లు లాగేసింది.

"ఎవరు సచ్చింది? మల్ల చెప్పు."

పెంటమ్మ నవ్వింది. పాపం, ఆ పిల్లకేం తెలుసు! "రత్నమాల అమ్మా. అంటే నేనే. ఈ ఆటల నా పేరు అది. భూతం కొట్టింది, సచ్చిపడ్డ. పొద్దటి సంది ఇది మూడోసారి."

ఇందిరమ్మ ఒక్క అంగలో గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పీకేసింది. తెర నల్లబడింది.

"అమ్మా! పిచ్చి లేసిందా నీకు?"

"పిచ్చి నీకు లేసింది! లోకంల పేర్లే కరువైనయా? గా పేరు పెట్టుకొని పొద్దుగాల పొద్దుగాల సచ్చింది సచ్చింది అని నా ఇంట్ల ఒర్రుతవా? నాలుక కోస్త!"

"నా ఆట, నా ఇష్టం. నాకు నచ్చిన పేరు పెట్టుకున్న. నీకేం బాధ?"

"గా పేరు తీసెయ్యి. ఇప్పుడే తీసెయ్యి."

"తియ్య. ఆటల్నే కాదు, ఇగ బయట గూడ నాదదే పేరు." పెంటమ్మ టేబుల్ సొరుగులోంచి ఒక స్టాంపు కాగితం తీసి తల్లి ముందు పరిచింది. "రేపు సెలవు పెట్టిన. సంగారెడ్డి కోర్టు కాడ వకీలుతోని మాట్లాడిన. సంతకం పెట్టి పేపర్ల ఏపిస్తె, ఇగ నేను పెంటమ్మను కాదు. రత్నమాలను."

చెంప ఛెళ్లుమంది. తన చెయ్యే లేచిందని ఇందిరమ్మకు ఆ చప్పుడు విన్నాకగానీ తెలియలేదు. పెంటమ్మ చెంప పట్టుకుని నిలబడింది. ఏడవలేదు, అది చూసి ఇందిరమ్మకు మరింత భయం వేసింది.

"కొట్టు. ఇంకోటి కొట్టు. ఇగ దొరకను గదా. ముత్తంగిల రూం సూసుకున్న, మా ల్యాబు పిల్లతోని కలిసి. బట్టలు గూడ సదురుకున్న."

"పోతె పో! కానీ ఆ పేరుతోని పోయినవంటే బాయిల దుంకుత. నా శవం మీదికెళ్లి పోవాలె."

సరిగ్గా అప్పుడే యాదగిరి సైకిల్ ఆపి లోపలికి వచ్చాడు. రాత్రంతా బాయిలర్ పక్కన నిలబడ్డ మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. గడపలో చిందిన బియ్యాన్నీ, కూతురి చెంప మీది వేళ్ల అచ్చునూ చూసి చేతిలోని టిఫిన్ డబ్బా కింద పెట్టాడు.

"ఏందే ఇది? ఎదిగిన పిల్ల మీద చెయ్యి లేపుతవా?"

"అడుగు నీ బిడ్డను! ఏం పేరు పెట్టుకుంటదంట, అడుగు!"

యాదగిరి టేబుల్ మీది కాగితం అందుకున్నాడు. కూడబలుక్కుని చదివే మనిషి. రెండో వరుసలో ఆ పేరు దగ్గర ఆగిపోయాడు.

"నాయినా, నువ్వు గూడ తిడతవా? తిట్టు," అంది పెంటమ్మ. "కానీ నా మాట ఇనుర్రి. మా ల్యాబుకు ఉత్తరాది నుంచి కొత్త సారు వచ్చిండు. మీటింగుల అందరి ముందట నీ పేరుకు అర్థమేందని అడిగిండు. నేను నోరు తెరిచేలోపే పక్కోడు పెంటంటే 'కచ్‌రా సార్' అన్నడు. ఇరవై మంది నవ్విన్రు. సారు గూడ నవ్విండు. ఆ రోజు నేను అన్నం తినలే. మీకు తెలుసా?"

యాదగిరి కాగితాన్ని తిరిగి టేబుల్ మీద పెట్టేశాడు.

"ఈ ఆటల ఎవ్వరు నవ్వరు. మనిషిని సూసేది లేదు గదా, పేరునే సూస్తరు. మొదటి రోజు ఒక బెంగాలామె అడిగింది, రత్నమాల అంటే ఏందని. రత్నాల దండ అని చెప్పిన. 'అబ్బ, మీ అమ్మకు నువ్వంటే ఎంత పాణమో' అన్నది. అవునని అబద్ధం చెప్పిన. రెండేండ్ల సంది అదే అబద్ధం మీద బతుకుతున్న."

"అబద్ధమా?" అంది ఇందిరమ్మ.

"కాదా మరి? నేను పుట్టంగనే నన్ను తీస్కపోయి పెంటకుప్ప మీద పారేసిన్రంట గదా! మూడో తరగతిల ఉండంగనే పిల్లలు చెప్పిన్రు. ఆడపిల్ల పుట్టిందని పారేసిన్రు. ఎవరో ఎత్తుకొచ్చి ఇస్తే, ఇగ తప్పదని సాదిన్రు. ఏనాడన్న ఒక్కసారి బంగారమన్నవా? ఫస్ట్ క్లాసుల పాసైనప్పుడు గూడ 'ఆ, పాసైంది తియ్యి' అన్నవు. ఉద్యోగం వస్తే 'ఎన్ని రోజులుంటదో' అన్నవు. పెంట మీద దొరికినదానికి ఇంతకంటే ఏముంటది!"

"ఇందిరా, ఇగ చెప్పు," అన్నాడు యాదగిరి మెల్లగా.

"నువ్వు సప్పుడు చేయకు! నీకు దండం పెడత, నోరు తెరవకు!" ఇందిరమ్మ మొగుడి నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది.

ఆ చేతినే పెంటమ్మ ఒడిసి పట్టుకుంది. ముంజేతి లోపలి వైపు తిప్పి తండ్రికి చూపించింది. పాతబడి నీలమైన పచ్చబొట్టు అక్షరాలు, రత్నమాల.

"చిన్నప్పుడు అడిగితే దేవత పేరన్నవు. ఏ గుళ్ల దేవతమ్మా? నేను వెతికిన, ఏడ లేదు. నీ చెయ్యి మీద పొడిపించుకునేటంత ఇష్టమైన పేరుంది, అది నాకెందుకు పెట్టలే? నీకు నచ్చిన పేరైతే నన్ను గూడ జెర ఇష్టపడతవేమో అని, ఆ పేరు పెట్టుకున్న. తప్పా?"

ఇందిరమ్మ చెయ్యి విడిపించుకోలేదు. అలాగే నేల మీదికి కూలబడింది. కూతురి చేతిలో ఆమె చెయ్యి అలాగే వేలాడుతోంది.

"ఇరవై రెండేండ్లాయె," అన్నాడు యాదగిరి. "చెప్తే ఏమన్నయితదని భయపడుతున్నవ్. చెప్పకపోతే ఈ పిల్ల బతికుండంగనే పోతది. చెప్పు."

అప్పుడు వచ్చింది మాట. ఇన్నేళ్లూ వీధంతా వినేలా అరిచిన గొంతు, పక్కనున్నవాళ్లకు కూడా సరిగ్గా వినిపించకుండా వచ్చింది.

"అది నీ అక్క."

పెంటమ్మ చెయ్యి వదిలేసింది.

"ముందుగాల ఒక పిలగాడు. మూడు రోజులున్నడు. పేరు గూడ పెట్టలే. తర్వాత అది పుట్టింది. ఎంత తెల్లగుండెనో! పురుడు కాడనే మంచి పేరు పెట్టాలనుకున్న. రత్నమాల అన్న. పచ్చబొట్టామె వస్తే చెయ్యి మీద పొడిపించుకున్న. అందరికి సూపిచ్చుకొని మురిసిన. పదకొండు నెలలు. గోడ పట్టుకొని నిలబడేది. ఒక్క రోజు వాంతులు, బేదులు. బస్సు రాలే. సంగారెడ్డి దాకా ఎత్తుకొని నడిచిన. సగం తొవ్వలనే సల్లబడ్డది."

యాదగిరి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"నువ్వు పుట్టినవు. పక్కింటి ముత్యమ్మ అన్నది, మంచి పేరు పెట్టినోళ్లనే ఆ దేవుడు ఎత్తుకపోతుండు, దీన్ని పెంట మీద పారెయ్యి, పనికిరానిదని వాడు ముట్టడు అని. పురిటి బట్టల నిన్ను సుట్టి ఇంటెనుక పెంట మీద పెట్టిన. ఎనుకకు సూడొద్దు అన్నది. నువ్వు ఏడుస్తున్నవు. రొమ్ములల్ల పాలు పొంగి జాకెట్ తడుస్తున్నది, ఎనుకకు సూడకుండ వచ్చిన. ముత్యమ్మ ఎత్తుకున్నది. ఆమెకు శేరు తవుడిచ్చి నిన్ను కొనుక్కున్న. ఆ పొద్దుటి సంది నువ్వు నా బిడ్డవు కావు, ముత్యమ్మ బిడ్డవు. అట్లనుకోవాలె. పొగడొద్దు, ముద్దు పేరు పెట్టొద్దు, పోయినోళ్ల మాట నీ ముందట ఎత్తొద్దు. ఎత్తితే వాళ్లు నిన్ను పిలుస్తరంట."

"అమ్మా..."

"నేను బంగారం అననిది నువ్వు బంగారం కావని కాదే. బంగారమనుకున్నోళ్లు దక్కలే. మంచి పేరు పెట్టిన, దాన్ని మట్టిల పెట్టిన. నిన్ను పెంట అన్న, నువ్వు మిగిలినవు. ఇప్పుడు ఆ పేరే నువ్వు పెట్టుకుంటనంటే... పొద్దుగాల పొద్దుగాల అది సచ్చింది అని నీ నోటి నుంచి ఇంటే..." ఆ గుండె ఎంతకని ఆగుతుంది! ఇందిరమ్మ మోకాళ్ల మీద తల పెట్టుకుని భోరుమంది.

మూడో తరగతి నుంచి మోస్తున్న కోపం, ఎన్ని రాత్రులు దిండు తడిపిన కోపం, దాన్ని ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో పెంటమ్మకు తెలియలేదు. తనను పారేసిన చేతులు అనుకుంది ఇన్నాళ్లూ. దాచిన చేతులని ఎవరూ చెప్పలేదు. తల్లి పక్కన కూర్చుని, స్టాంపు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది.

"నాకు ఆ పేరు వద్దమ్మా. అది అక్కది."

అక్క! ఆ పిలుపు ఆ ఇంట్లో మొదటిసారి వినపడింది. ఇందిరమ్మ తలెత్తి కూతురి చెంప మీది ఎర్రటి అచ్చును వేలితో తడిమింది. "మంట పుడుతుందా?"

"కొంచెం."

"నా చెయ్యి ఇరిగిపోను!"

"తెల్వక రోజూ అక్కను భూతాల ముందటికి తోలిన," అంది పెంటమ్మ. ఇప్పుడు ఆమెకూ ఏడుపు ఆగలేదు. "తోలి, సచ్చిందని నవ్విన."

ఇందిరమ్మ కాసేపు నల్లటి తెర వైపు చూసింది. "ఇప్పుడు గాడ... అట్లనే పడి ఉంటదా?"

"లేదమ్మా. లేస్తది. ఈ ఆటల ఎన్నిసార్లు సచ్చినా మల్ల లేస్తరు."

ఇందిరమ్మ చటుక్కున కూతురి ముఖంలోకి చూసింది. "మల్ల లేస్తదా?" అని అడిగింది, నమ్మీ నమ్మనట్టు. కొంగుతో కళ్లు తుడుచుకుని, "నాకు సూపియ్యి" అంది.

యాదగిరి వెళ్లి ప్లగ్గు పెట్టాడు. పాత కంప్యూటర్, గుర్రుమంటూ నిదానంగా లేచింది. ముగ్గురూ ఎదురుచూస్తూ కూర్చున్నారు. చివరికి తెర మీద ఒక వాగు, వాగు ఒడ్డున రాళ్లు, ఆ రాళ్ల మధ్య ఒక ఆడపిల్ల బోర్లా పడి ఉంది. ఆకుపచ్చ బట్టలు, నడుముకు కత్తి. తల మీద ఇంగ్లిషు అక్షరాల్లో పేరు. ఇందిరమ్మకు ఆ అక్షరాలు రావు, అయినా అదే అని ఆమెకు తెలుసు.

పెంటమ్మ మౌస్ మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేసింది. తల్లి చెయ్యి తీసుకుని దాని మీద పెట్టింది. "నువ్వు నొక్కమ్మా. ఇగో, ఈడ."

బియ్యపు దుమ్ము అంటిన వేలితో ఆమె నొక్కింది. వాగు ఒడ్డున వెలుగొచ్చింది. ఆ పిల్ల చేతులు నేలకు ఆనించి మెల్లగా లేచింది. మోకాళ్ల మీద కూర్చుని, తర్వాత నిలబడి, జుట్టు వెనక్కు తోసుకుని అటూ ఇటూ చూసింది.

ఇందిరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పదకొండు నెలల దాకానే చూసిన కళ్లు ఆమెవి.

"ఎంత పెద్దగైందే బిడ్డా," అంది. "ఎంత పొడుగు పెరిగింది!"

పెంటమ్మ తల్లి భుజం మీద తల పెట్టింది. బయట గడపలో కోళ్లు చేరి బియ్యం ఏరుకుంటున్నా ఇందిరమ్మ ఆ రోజు వాటిని అదిలించలేదు.

"పెంటమ్మా."

"ఓ అమ్మా."

"దాన్ని ఒక్కదాన్నే ఏడికీ తోలకు. నువ్వు పక్కకే ఉండు."

"ఉంటనమ్మా," అంది పెంటమ్మ. "అక్కను నేను సూసుకుంట."