శనివారం వచ్చే చెట్ల డాక్టర్

"ఈ చెట్టుకి పీకదాకా మట్టి పోసిన మహానుభావుడెవరండీ?"

చెట్ల డాక్టర్ పెరట్లోకి వచ్చి అయిదు నిమిషాలు కాలేదు, అడిగిన మొదటి ప్రశ్న అది. బాదం చెట్టు మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో మట్టి తవ్వి చూస్తున్నాడు.

చిట్టికి ఒళ్లు మండింది. "నేనే. ఏం?"

అతను తలెత్తి చూశాడు. కాస్త తడబడ్డాడు. "అబ్బే, ఏం లేదండి. చాలా శ్రద్ధగా పోశారు."

"వెటకారం కూడా వైద్యంలో భాగమేనా?"

అవును మరి, ఆమె కోపానికి కారణం ఉంది. నాన్న పోయి మూడేళ్లయింది. రోజూ పొద్దున్నే ఆ చెట్టు కిందే, దానికి కొట్టిన మేకుకి అద్దం తగిలించుకుని, కూనిరాగాలు తీస్తూ గడ్డం గీసుకునేవాడాయన. మేకు ఇప్పటికీ అక్కడే ఉంది. అద్దాన్ని మాత్రం అమ్మ ఎక్కడో దాచేసింది. చిట్టి కళ్లజోళ్ల షాపులో రోజంతా జనాల చూపు పరీక్ష చేసి వచ్చి, సాయంత్రం బస్తాలతో మట్టి మోసి చెట్టు చుట్టూ పోసేది. ఇటుకలు కూడా పేర్చింది. అంత చేసినా చెట్టు పైనుంచి ఎండిపోతూ వచ్చింది. మొన్న ఓ కొమ్మ విరిగి బట్టలారేసే తీగ మీద పడింది. అమ్మ అంతకు నిమిషం ముందే లోపలికి వెళ్లింది కాబట్టి సరిపోయింది.

"వానలు మొదలయ్యేలోపు చిగుళ్లు రాకపోతే కొట్టించేస్తాను," అని అమ్మ తేల్చి చెప్పింది. "గాలివానకి అది నీ గది మీద పడితే నేనేమైపోవాలి?"

అందుకే చిట్టి ఇతన్ని పిలిపించింది. ఇతనేమో వస్తూనే తప్పంతా ఆమె మీదే పెట్టాడు.

"ఇలా వచ్చి చూడండి," అన్నాడు. మట్టి కింద ఒక లావుపాటి వేరు మొదలు చుట్టూ గట్టిగా బిగుసుకుని ఉంది. "చెట్టు మొదలుకి గాలి తగలాలి. మట్టితో కప్పేస్తే బెరడు కుళ్లిపోతుంది. వేళ్లు గాలి కోసం పైకొచ్చి ఇలా చుట్టుకుంటాయి. ఇప్పుడు దీని పీక ఇదే నులుముకుంటోంది."

చిట్టి మెట్టు మీద కూలబడింది. "అంటే, మూడేళ్లుగా నేనే దీన్ని చంపుతున్నానన్నమాట."

అతని మొహంలో వెటకారం ఎటు పోయిందో ఏమో. వచ్చి కింది మెట్టు మీద కూర్చున్నాడు. "చంపాలనుకునేవాళ్లు ఇంత మట్టి మోయరండి," అన్నాడు మెల్లగా. "మట్టి తీసేద్దాం. చూద్దాం."

ఆ రోజంతా చిన్న తాపీతో, బ్రష్షుతో మట్టి తీశాడు. ఉలితో వేరుని ముక్కముక్కలుగా కోశాడు. తాడు కట్టుకుని పైకెక్కి ఎండుకొమ్మలు దించాడు. మేకు పీకేద్దామా అని అమ్మ అడిగితే వద్దన్నాడు. "బెరడు దాన్ని కలుపుకుని పెరిగిందండి. పీకితే మళ్లీ గాయం చేసినట్టే."

అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

"మరి నేనేం చెయ్యాలి?" అని అడిగింది చిట్టి.

"ఏమీ చెయ్యకుండా ఉండాలి. మీకు అదే కష్టం. వచ్చే శనివారం వచ్చి చూస్తాను."

వచ్చాడు. ఆ పై శనివారం కూడా వచ్చాడు. చెక్క సుత్తితో మొదలు తట్టి చెవి ఆనించి వినడం, బెరడు గోటితో గీకి చూడటం, తలూపడం.

"ఏమంటోంది పేషెంటు?" అనేది చిట్టి.

"బాగానే ఉన్నానంటోంది. మీరే నిద్రపోవట్లేదట."

పైకొమ్మల కేసి చూసేటప్పుడు అతను కళ్లు చికిలించడం ఆమె కనిపెట్టేసింది. పదో శనివారం షాపు నుంచి అక్షరాల చార్టు తెచ్చి నాన్న మేకుకి తగిలించి, అతన్ని పది అడుగుల దూరంలో నిలబెట్టింది.

"కింది లైను చదవండి."

"మీరు అడ్డమున్నారు."

"నేను పక్కనే ఉన్నాను కదా."

"చూపు అటే పోతోంది మరి."

ఆమె మొహం తిప్పేసుకుంది, నవ్వు కనిపించకుండా. అయినా రెండు కళ్లకీ కళ్లజోడు నంబరు రాసుకుంది.

ఆ వారమే మబ్బులు పట్టాయి. చిగురు జాడ లేదు. సోమవారం చెట్టు కొట్టేవాళ్లు వస్తున్నారంది అమ్మ. చిట్టి గురువారం మరో చెట్ల సంరక్షణ ఆఫీసుకి ఫోన్ చేసి సంగతంతా చెప్పింది.

అవతలి ఆవిడ అంతా విని, "మట్టి తీసి వేరు కోశాక మూడు నెలలకోసారి చూస్తే చాలండీ," అంది. "వారం వారం వస్తున్నారా? మేమైతే చావుబతుకుల్లో ఉన్న చెట్టుకే అలా వెళ్తాం."

అంటే చెట్టు చచ్చిపోతోందన్నమాట, అనుకుంది చిట్టి. ఆ తర్వాత రెండు రోజులు ఆమె చెట్టు వైపు తలెత్తి చూడలేదు.

శనివారం సన్నగా తుంపర పడుతుండగా అతను గేటు తీశాడు. కొత్త కళ్లజోడు డబ్బా చేతిలో పట్టుకుని ఎదురెళ్లింది చిట్టి.

"నిజం చెప్పండి. చెట్టు చచ్చిపోతోంది కదూ? నా దగ్గర దాస్తున్నారు."

"లేదే. నాలుగో వారంలోనే చెప్పాను కదండీ, బతుకుతుందని. బెరడు కింద పచ్చగా ఉంది."

"మరి మూడు నెలలకోసారి చూస్తే చాలటగా. వారం వారం ఎందుకొస్తున్నారు?"

అతను బుర్ర గోక్కున్నాడు. చెట్టుని చూశాడు, సుత్తిని చూశాడు, ఆఖరికి ఆమెను చూశాడు.

"చెట్టు కోసం నాలుగు సార్లే వచ్చానండి," అన్నాడు. "మిగతావి మీ కోసం. చెబుదామనుకుంటూనే ప్రతిసారీ సుత్తి తీసి తడుతూ కూర్చున్నాను."

తుంపర కాస్త పెద్దదైంది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. రెండు రోజులుగా బిగబట్టుకున్న ఊపిరి వదిలింది చిట్టి. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"నన్నన్నారు గానీ, మీరేం చేశారు? వారం వారం వచ్చి నాకూ పీకదాకా పోసేశారు."

"ఊపిరాడట్లేదా?"

"ఇన్నాళ్లకి ఆడుతోంది," అంటూ ఆమే కళ్లజోడు తీసి అతని మొహానికి పెట్టింది.

అతను ఆమెను చూశాడు, చాలాసేపు. తర్వాత తలెత్తి పైకి చూసి, చూస్తూనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "చిట్టిగారూ, వీధి వైపు కొమ్మ చివర చూడండి."

ఆమె చూసింది. ఎర్రెర్రగా, గోరంతేసి చిగుళ్లు. ఒకటి కాదు, కొమ్మ పొడుగునా.

"అమ్మా," అని పిలవబోయి వెనక్కి తిరిగేసరికి అమ్మ మెట్ల మీదే ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. ఆవిడా పైకే చూస్తోంది. తర్వాత లోపలికి వెళ్లి, గుడ్డలో చుట్టిన వస్తువొకటి తెచ్చి, గుడ్డ విప్పి చెట్టు మేకుకి తగిలించింది.

నాన్న అద్దం.

"మొహమంతా తడిసింది బాబూ, తుడుచుకో," అంది. "సోమవారం వాళ్లని రావద్దని చెప్పేస్తాను. నువ్వు మాత్రం వస్తూ ఉండు. సుత్తి తేవక్కర్లేదు."