ఆదివారం నీళ్ల వంతు

"ఆ చెట్టు చచ్చిపోయిందని మీకెవరు చెప్పారండీ?"

ప్రశ్న హాలు చివరి వరసలోంచి వచ్చింది. వేదిక మీదున్న నసరేనో కాగితాల మీంచి తలెత్తాడు.

అప్పటిదాకా అంతా సవ్యంగానే నడిచింది. పట్టణాల్లో చెట్లు నాటడం, సాకడం మీద మెండోసాలో ఏటా జరిగే ప్రాంతీయ సదస్సు అది. చుట్టుపక్కల మూడు రాష్ట్రాల నుంచి ఇంజనీర్లు, నర్సరీల వాళ్లు, మునిసిపాలిటీల వాళ్లు నూట ఇరవై మంది వచ్చారు. సాన్ హువాన్ నుంచి వచ్చిన నసరేనో కిరోగాకు ఇరవై తొమ్మిదేళ్లు. చదువుతున్నది జీవితంలో మొదటి పత్రం. ముందు వరసలో అతనికి చదువు చెప్పిన ప్రొఫెసర్ గారు మెచ్చుకోలుగా తలాడిస్తున్నారు. తెర మీద లోస్ నొగాలెస్ వీధి చివరి మల్బరీ చెట్టు ఫొటో ఉంది. డెబ్భై ఏళ్ల చెట్టు. సగం పచ్చన, సగం మోడు.

మార్చిలో మూడు రోజులు ఆ చెట్టు దగ్గరే కూర్చుని పరీక్షించానని నసరేనో చెప్పాడు. చెక్క సుత్తితో కొడితే బోలుగా మోగిందట. వేళ్లు కుళ్లిపోయి ఉంటాయట. కొట్టెయ్యడం తప్ప వేరే దారి లేదట. అందుకే శనివారం పొద్దున పదింటికి సదస్సు వాళ్లందరి ముందూ ఆ చెట్టును కొమ్మ కొమ్మగా దించి చూపిస్తారు. మునిసిపాలిటీ వాళ్లు పరీక్షకు పిలిపించింది నసరేనోనే గనక, చెట్టు కొట్టే ఉత్తర్వు మీద సంతకమూ అతనిదే.

ప్రశ్న వేసిన అమ్మాయి లేచి నిలబడింది. నడుముకు తాళ్ల బెల్టు, మోచేతుల దాకా గీరుకుపోయిన చేతులు, జడలో ఇరుక్కున్న ఒక ఎండుటాకు. ఆకు సంగతి ఆమెకు తెలియదు. నసరేనో చూపు మాత్రం దాని మీంచి ఎంతకీ మరలలేదు.

"సుత్తితో కొట్టానన్నారు, బాగుంది. చెట్టు పక్క కాలవలో చెయ్యి పెట్టి చూశారా?"

"కాలవలో ఏముంటుందండీ చూడ్డానికి?"

"అదే నేనూ అడుగుతున్నాను, ఇంజనీరు గారూ."

హాలంతా గొల్లుమంది. నసరేనో మొహం కందగడ్డయింది. మిగిలిన పత్రం ఎలా చదివాడో అతనికే తెలియదు.

మధ్యాహ్నం కజ్జికాయల్లాంటి ఎంపనాడాల వరసలో నిలబడితే, ఖర్మ కాకపోతే, ముందున్న జడలో అదే ఎండుటాకు. ఆమె పేరు యనీనా గ్వాకించాయ్ అని వెనకవాళ్లు చెప్పారు. తాళ్లు కట్టుకుని చెట్లెక్కి కొమ్మలు కోసే పనిలో ఆ ఊళ్లో ఆమె తరవాతే ఎవరైనానట. రేపు మల్బరీని దించబోయేదీ ఆమేనట. నసరేనోకు ఒళ్లు మండింది. కొట్టడానికి ఒప్పుకున్న మనిషే నలుగురిలో తనను నిలదీయడమేమిటని అడిగేశాడు.

"సంతకం మీది, రంపం నాది. పాపం చెరి సగం కదా, అడక్కూడదా?" అందామె, ఆఖరి మాంసం ఎంపనాడాను తన పళ్లెంలోకి జరుపుకుంటూ.

తిన్నాక చెట్టు నీడన మాతే మొదలైంది, ఎండుటాకు పొడి మీద వేడినీళ్లు పోసి గొట్టంతో పీల్చే కషాయం. ఒకే సొరకాయ బుర్ర, ఒకే గొట్టం, చేతులు మారుతూ తిరుగుతున్నాయి. నసరేనో పక్కవాళ్ల వంతుల్లో దూరి తాగడం చూసి, సాన్ హువాన్ మగవాడికి సొంత మాతే గొట్టం కూడా లేదా అని ఆమె ఎద్దేవా చేసింది. ఉండేదన్నాడు. వెండి గొట్టం. మీద తన నాయనమ్మ రమోనా పేరు మొదటి అక్షరం చెక్కి ఉండేది. మార్చిలో ఎక్కడో పోయింది. ఇల్లంతా వెతికాడు. నాయనమ్మ కూడా పోయింది గనక ఇంకోటి కొనబుద్ధి కాలేదు.

దీని మీద యనీనా వేళాకోళం ఆడలేదు. బుర్రలో వేడినీళ్లు పోసి, వంతు కాకపోయినా ముందు అతనికిచ్చింది. తరవాత తన బాధేమిటో మామూలు గొంతుతో చెప్పింది. ఆమె తండ్రి ఎవరిస్తో ఆ పేటకు నీరటి. ముప్ఫై ఏళ్లుగా తూము ఎత్తేదీ దించేదీ ఆయనే. వాననేది చుట్టం చూపుగా వచ్చే ఆ ఊళ్లో వీధి కాలవే చెట్టుకు తల్లి. మల్బరీ ఉన్న మలుపు దాకా నీళ్లు పోవడం లేదేమోనని ఆయనకు రెండేళ్లుగా అనుమానం. చెబితే వినే ఆఫీసు ఒక్కటీ లేదు.

"రేపు ఆరున్నరకి రండి, పార పట్టుకుని. వేళ్లు చచ్చుంటే పదింటికి నేనే కొట్టేస్తాను, నోరెత్తను. బతికుంటే?"

"బతికుంటే నలుగురిలో తప్పు ఒప్పుకుంటాను."

అనేశాడు. అన్నాక తెలిసింది ఏమన్నాడో. మొదటి పత్రమది. వచ్చే నెల విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి పిలిపించాలని చూస్తున్న ప్రొఫెసర్ గారి ముందు, నోటితో చదివిందాన్ని నోటితోనే చెరిపెయ్యాలి.

మర్నాడు పొద్దున వీధిలో చలి కోస్తోంది. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన పార మీద చేతులాన్చి నిలబడి ఉన్నాడు. ఎవరిస్తో అంటే ఆయనే. నసరేనోను కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. మల్బరీకి ఎగువన, ఒక ఇంట్లోకి కారు వెళ్లడానికి కాలవ మీద సిమెంటు పలక వేసి ఉంది. ఆ ఇంటివాళ్లనడిగి ముగ్గురూ గునపాలు వేసి దాన్ని పక్కకు దొర్లించారు.

కాలవ నిండా నల్లగా గట్టిపడ్డ ముద్ద. ఎవరిస్తో పిడికెడు తీసి వాసన చూసి, "మాతే పిప్పి" అన్నాడు.

అది ఆ ఊరి అలవాటే. మాతే అయిపోతే బుర్రను కాలవ అంచున ఠపీమని కొట్టి పిప్పి అందులో దులిపేస్తారు. నీళ్లు తీసుకుపోతాయిలే అనుకుంటారు. నీళ్లు తీసుకొచ్చి ఈ పలక కింద పెట్టాయి. ఏళ్ల తరబడి, వీధి వీధంతటి పిప్పీ. మార్చిలో మూడు రోజులూ చల్లగా ఉందని ఇదే పలక మీద కూర్చుని, ఇదే అంచున తానెన్నిసార్లు బుర్ర కొట్టాడో నసరేనోకు గుర్తొచ్చింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

యనీనా మోకాళ్ల మీద కూర్చుని చేతులతో ముద్దను విడదీసింది. విడదీసి అలాగే ఆగిపోయింది. "నాన్నా, ఇలా చూడు" అని మెల్లగా పిలిచింది.

ముద్ద లోపలంతా తెల్లటి వేళ్లు. వెంట్రుకంత సన్నవి, వేలకు వేలు. మల్బరీ మొదట్లోంచి ఎండిన కాలవ అడుగునే పాకుకుంటూ, పదిహేను అడుగులు ఎగువకు వచ్చి, ఆ తడి పిప్పిని పట్టుకున్నాయి. నీళ్లు ఎటు నుంచి రావాలో చెట్టుకు తెలుసు. రావడం మానేస్తే ఎదురెళ్లింది. ఎదురెళ్లి, అడ్డం తగిలిన చోట ఆగి, ఆ అడ్డంలోని చెమ్మనే తాగుతూ కూర్చుంది. సగం చెట్టు పచ్చగా ఉండడానికి కారణం అదీ. ఎవరిస్తో టోపీ తీశాడు. నసరేనో చదివిన చదువంతా ఆ వేళ్ల ముందు ఎందుకూ కొరగానిదైపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

యనీనా ఆ తెల్లటి వేళ్ల మధ్య నుంచి ఏదో జాగ్రత్తగా విడిపించి, చొక్కా అంచుతో తుడిచి, చేయి చాపింది. నల్లబడిన వెండి గొట్టం. దాని నడుము చుట్టూ ఇంకా రెండు వేళ్లు పెనవేసుకునే ఉన్నాయి. మీద రమోనా నాయనమ్మ అక్షరం.

"ఇంజనీరు గారూ, ఇది మీదేనా?"

అతను తలాడించాడు.

"మార్చి నుంచి మీ ఎంగిలి తాగి బతికిందన్నమాట. ఇంక పైకి రండి, మిగతాది అక్కడుంది."

ఎత్తంటే తనకు భయమని చెప్పుకోవడానికి అది సమయం కాదు. ఆమె తాడు కట్టింది, అడుగు ఎక్కడ వెయ్యాలో చెప్పింది, అతను కళ్లు సగం మూసుకుని ఎక్కాడు. పైన మోడు కొమ్మ మీద ఆమె బొటనవేలి గోటితో బెరడు గీరింది. లోపల లేత ఆకుపచ్చ. మార్చిలో నసరేనో చేతికందిన కొమ్మలే గీరాడు, పైవాటిని దుర్భిణిలో చూసి రాసేశాడు. తరవాత తలెత్తమంది. ఎత్తాడు. ఊరు ఊరంతా పచ్చటి వరసలు. కాలవ ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా చెట్లు, కాలవ ఆగిన గీత దగ్గర చెట్లూ ఆగిపోయి, ఆ పైన ఒట్టి బూడిదరంగు ఎడారి, దాని వెనక మంచు కొండలు. అక్కడ తనంతట తాను మొలిచిన చెట్టు ఒక్కటీ లేదు. ప్రతిదానికీ ఎవరో ఒకరు తూము ఎత్తారు.

"ఇంతా చేసింది మీ నాన్నలాంటి వాళ్లా?" అన్నాడు.

"మరి? మీరు సంతకాలు పెడుతుంటే ఎవరో ఒకరు పని చెయ్యాలి కదా."

నవ్వింది. కొమ్మ ఊగింది. అతను ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టు సడలించాల్సిన అవసరం ఇద్దరికీ కనిపించలేదు.

పదింటికి హెల్మెట్లు పెట్టుకుని సదస్సంతా వచ్చేసింది. సంతకం పెట్టినవాడు తప్ప ఉత్తర్వును ఎవరూ రద్దు చెయ్యలేరు. ప్రొఫెసర్ గారు నసరేనోను పక్కకు పిలిచి, ఒక్క ముసలి చెట్టు కోసం భవిష్యత్తు పాడుచేసుకోవద్దని, కావాలంటే సాంకేతిక కారణాలని చెప్పి వాయిదా వేయిద్దామని నచ్చజెప్పారు. నసరేనో వింటూనే యనీనా వైపు చూశాడు. ఆమె రంపం నేల మీద పెట్టి, చేతులు కట్టుకుని ఎదురు చూస్తోంది.

"నిన్న నేను చదివింది తప్పు. వేళ్లు చూడకుండా కుళ్లాయని రాశాను. కాలవ పూడ్చిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాడు అందరికీ వినపడేలా.

ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే వచ్చి, వంగి, కాలవలోకి చూసి, పక్కకు తప్పుకున్నారు. ఆఖరున ప్రొఫెసర్ గారు సూటుతోనే పేవ్‌మెంట్ మీద మోకాళ్లూని చాలాసేపు చూశారు. లేచి మోకాళ్లు దులుపుకోకుండానే, "నలభై ఏళ్లుగా పాఠం చెబుతున్నానయ్యా, ఇది చూడలేదు నేను. ఈ పత్రం మళ్లీ రాసి పట్టుకురా" అన్నారు.

వెంటనే తూము ఎత్తమని నలుగురూ ఎవరిస్తో మీద పడ్డారు. ఆయన ససేమిరా అన్నాడు. ఆ వీధి వంతు ఆదివారం ఎనిమిదింటికి. వంతు కాని నీళ్లు కూతురడిగినా ఇవ్వడు. సాయంత్రం సాన్ హువాన్ బస్సులో ప్రొఫెసర్ గారి పక్క సీటు ఖాళీగా వెళ్లింది.

ఆదివారం ఎనిమిదింటికి ముందు చప్పుడు వచ్చింది. తరవాత నీళ్లు వచ్చాయి. నురగతో, పుల్లలతో, ఎండుటాకులతో వీధి పొడుగునా పరుగెత్తుకొచ్చి, శుభ్రం చేసిన పలక చోటు దాటి, ఆ తెల్లటి వేళ్ల మీదుగా పారాయి. వేళ్లన్నీ ఒక్కసారిగా నీళ్లలో కదిలాయి. వాకిళ్లలో నిలబడ్డ ఆడవాళ్లు ఊడుస్తున్నది ఆపేశారు. రెండేళ్లయింది ఆ మలుపు నీళ్లు చూసి.

ఎవరిస్తో జేబులోంచి వంతుల పుస్తకం తీశాడు. "ఈ మలుపు కాలవ చూసుకునే మనిషి లేడు బాబూ. ప్రతి ఆదివారం ఎనిమిదింటికల్లా ఉండాలి. మనిషి రాకపోతే వంతు పక్కవాడికి పోతుంది. మా పద్ధతి అది."

సాన్ హువాన్ రెండున్నర గంటల దూరమని నసరేనో నసిగాడు.

"ఐదింటికి బస్సుంది. కనుక్కున్నాను." పెద్దాయన పేరు రాసేసుకుని, పార అతని చేతికిచ్చి, తూము చూసొస్తానని అటు నడిచాడు. తూముతో ఆయనకు అప్పుడేమీ పని లేదు.

నసరేనో పార పట్టుకుని నిలబడ్డాడు. "యనీనా, నేను వచ్చేది చెట్టు ఒక్కదాని కోసమే కాదు. మీ నాన్నకు తెలిసిపోయినట్టుంది. నీకు తెలుసో లేదోనని చెబుతున్నాను."

ఆమె మాతే కలిపింది. రమోనా నాయనమ్మ గొట్టాన్ని తోమి తెల్లగా చేసి తెచ్చింది. దాన్ని బుర్రలో పెట్టి, ముందు తను తాగింది.

"పాపం చెరి సగమన్నావు. మరి పుణ్యమో?" అన్నాడతను.

"అది పంచుకోరు. ఒకే ఇంట్లో ఉంచుకుంటారు" అంది యనీనా, గొట్టం తుడవకుండానే బుర్ర అతనికందిస్తూ.

అతను తాగాడు. పిప్పి మాత్రం కాలవలో దులపలేదు. చెట్టు మొదట్లో పోసి, పైన మట్టి కప్పాడు.