సుబ్బమ్మ తోమిన టబ్బు

కొండాపూర్ల అద్దాల ఆఫీసుల ఎనక సందుల ఒక రెండంతస్తుల ఇల్లున్నది. పొద్దుగూకినంక ఆ ఇంటి ఎనక గోడ పక్క నుంచి ఎవరూ నడవరు. క్యాబ్ డ్రైవర్లు సుత బండి దూరంగ ఆపుకుంటరు. స్నానాలగది కిటికీల నుంచి చప్పుడొస్తదంటరు. గర్... గర్... ఎవరో బ్రష్షుతోని టబ్బు తోముతున్నట్టు.

ఆ టబ్బు ఏండ్ల తరబడి తోమింది సుబ్బమ్మ.

సుబ్బమ్మ చచ్చిపోయి ఏడాది దాటింది.

ఆమె ఊకనే చావలే. ఆ ఇంటి ఇల్లాలు నాగమణి నల్లపూసల దండ పోయింది. బీరువలకెళ్ళి సుబ్బమ్మే తీసిందని గేటుకాడ నలుగురి ముందట దొంగ అన్నది, పనిలకెళ్ళి ఎల్లగొట్టింది. ఇగ ఏ ఇంట్లా సుబ్బమ్మకు పని దొరకలే. నార్సింగిల అక్క చంద్రమ్మ ఇంట్ల మంచం పట్టింది.

పోయేముందు అక్క చెయ్యి పట్టుకొని చెప్పింది. "బీరువల లేదక్కా. అమ్మగారే తానానికి పోతూ దండ తీసి టబ్బు అంచు మీద పెట్టింది, నేను చూసిన. గోడకు టబ్బుకు నడుమ సందుంది... గా సందులనే పడ్డది."

మొగుడు బతికుండంగ నల్లపూసలు మెడలకెళ్ళి తీసిన అని చెప్పుకునుడు నాగమణికి నామోషి. పనిమనిషిని దొంగ అనుడు సులువు.

చంద్రమ్మ ఏడ్వలే. పీనుగ కాడ గూడ ఏడ్వలే. కొన్నాళ్ళాగి గదే ఇంట్ల పనికి కుదిరింది. పనిమనిషికి అక్క ఎవరు, చెల్లె ఎవరు అని అడిగే ఇల్లు గాదది.

తనే పలగ్గొట్టి తీస్తే, తనే పెట్టి తీసిందంటరు. ఆళ్ళ చేతులతోనే బయటపడాలె. అందుకే పొద్దుగూకంగనే స్నానాలగది ఎనక తలుపు తీసుకొని లోపల చీకట్ల కూసునేది. చెల్లె వచ్చి ఆళ్ళను బెదిరిస్తదని చూసేది. సందుల జనమంత ఇన్న చప్పుడు తనకొక్కదానికి ఇనపడకపాయె. గందుకు ఆమెకు మస్తు కోపం. తోడబుట్టినదానికి ఇనపడవా, అని తనే పీచు తీసుకొని తోమింది.

గర్... గర్...

ఇంటాయన భీమేశ్వరరావు హాల్ల కూసొని ఇన్నడు. మంచినీళ్ళ గిలాస తాగకుండనే కింద పెట్టిండు.

టబ్బు పాతది. తెల్లపూత లేచి, నీళ్ళు పోయే మోరీ కాడ తుప్పు కారింది. తీసేసి కొత్తది పెట్టిద్దామా, ఉన్నదానికే కోటింగు వేయిద్దామా అని మొగుడు పెండ్లాలు మాట్లాడుకున్నరు. మొగుడు తీసేద్దామన్నడు. నాగమణి ఒప్పలే. ఇంత దిట్టమైన టబ్బు ఇప్పుడు దొరకదని, టైల్సు పలగ్గొడితే ఇల్లంత దుమ్మని వంద చెప్పింది. కోటింగాయనతోని మాత్రం ఒకటే మాట గట్టిగ చెప్పింది. ముందు ఆ సందు సిమెంటు పెట్టి మూసెయ్యమని.

చంద్రమ్మ గుమ్మం కాడ చీపురు పట్టుకొని ఇన్నది. సందు మూస్తే చెల్లె దొంగగనే మిగిలిపోతది.

కోటింగు వేసిండ్రు. పచ్చిగున్నది, ఎవరూ ముట్టొద్దన్నరు. తలుపుకు తాళం.

తెల్లారి తీస్తే... టబ్బు లోపల నాలుగు గీతలు. పైకెళ్ళి కిందికి, చేతి ఏళ్ళతోని గీకినట్టు.

నాగమణి కోటింగాయన్నే తిట్టింది. మళ్ళ వేయించింది. మళ్ళ గవే గీతలు. ఎనక తలుపు తాళంచెయ్యి ఒకటి పనిమనిషి కొంగుకు ఉంటదని ఎవరికీ యాదికి రాలే.

"నాగమణీ, ఇక రంగులొద్దు," అన్నడు మొగుడు. "తీయించేద్దాం."

"ఏవండీ, రంగు ఆరలేదంతే..."

"తీయించేద్దామన్నాను."

నర్సింహ మేస్త్రి వచ్చిండు. పక్క గోడ కొట్టి, నలుగురు పట్టి టబ్బు లేపిండ్రు. కింద దుమ్ము, ఎంటికలు, ఎండిన సబ్బుముక్క... దాని పక్కన నల్లపూసల దండ.

భీమేశ్వరరావే ఒంగి తీసిండు. చొక్కాతోని తుడిచి పెండ్లాం మొకం చూసిండు.

"బీరువాలోంచి పోయిందన్నావు కదా?"

నాగమణి కొంగు మెడ మీదికి గుంజుకున్నది.

చంద్రమ్మ చీపురు గోడకు ఆనిచ్చింది. "సుబ్బమ్మ నా చెల్లె అమ్మా. గేటుకాడ దొంగ అన్నరు. గేటుకాడనే కాదనుండ్రి."

గేటుకాడ ఇస్త్రీ ఆయన, పక్క ఆఫీసు సెక్యూరిటోళ్ళు, డ్రైవర్లు నిలవడ్డరు. నాగమణి తల ఒంచుకొని, సుబ్బమ్మ దొంగ గాదని గొణిగింది.

"ఇనపళ్ళే," అన్నది చంద్రమ్మ. "ఆనాడు గింత మెల్లగ అనలే మీరు."

నాగమణి మళ్ళ అన్నది. ఈసారి సందు చివరిదాక ఇనపడ్డది.

కొత్త టబ్బు బిగించిన దినం చంద్రమ్మ పని మానేసింది. దీపాలు పెట్టే యాళ్ళకు తాళంచెయ్యి ఇచ్చి పోదామని వచ్చింది. నాగమణి స్నానాలగది బయట తువ్వాల పట్టుకొని నిలబడ్డది. మొకంల నెత్తురు లేదు. మొగుడు ముందట వాకిట్ల ఫోన్ల మాట్లాడుతున్నడు. ఇంట్ల ఇంకెవరూ లేరు.

తలుపుకు లోపలి నుంచి గడియ వేసున్నది.

స్నానాలగది ఎనక తలుపు పోయి చూసొచ్చింది చంద్రమ్మ. తాళం వేసే ఉన్నది. ఆ తాళంచెయ్యి తన చేతులనే ఉన్నది.

లోపల చప్పుడు... తోముడు గాదు. నీళ్ళు నిండుతున్న చప్పుడు. ఆగింది. మెల్లగ ఎవరో దిగినట్టు నీళ్ళు కదిలినయి. ఆ ఎనక, దినమంత ఒంగి ఒంగి నడుము పడిపోయిన మనిషి ఒకతి ఇడిసిన పొడుగాటి ఊపిరి.

అమ్మయ్య...

చంద్రమ్మకు యాదికొచ్చింది. మోకాళ్ళు గుంజుతున్ననాడు సుబ్బమ్మ అడిగిందట, ఒక్కసారి గీ టబ్బుల కూసోని తానం చేస్తనమ్మా అని. నాగమణి నవ్వి, అడిగినందుకే టబ్బు ఫినాయిలుతోని మళ్ళ కడిగిచ్చిందట.

"చంద్రమ్మా..." అన్నది నాగమణి. "లోపల ఎవరు?"

చంద్రమ్మ తలుపు మీద అరచెయ్యి పెట్టింది. ఎచ్చగున్నది. ఏడాదిగ రాని కండ్లనీళ్ళు గప్పుడొచ్చినయి.

"మెల్లగ మాట్లాడుండ్రి అమ్మా," అన్నది. "మా చెల్లె తానం చేస్తున్నది."