ఫ్లాస్కులో పడ్డ పానకం

"ఉదయగిరి ల్యాబ్ తగలబెట్టేసినారు," మాల్యాద్రి ఇయర్‌పీస్‌లో చీఫ్ పెంచలప్రసాద్ గొంతు. "ఫ్రీజర్లో కణాలన్నీ బూడిద. మిగిలిన ఒక్క కణాల కల్చర్ రేణుకాదేవి ఫ్లాస్కులో ఉండాది. మన ఏజెంటే, ఆ విదేశీ ముఠా ఏజెంటూ ఆమే. నెల్లూరు బస్సెక్కినాది. ఆత్మకూరులో పట్టుకో."

ఆ కణాలు మాల్యాద్రికి తెలుసు. అవి అతని భార్య లిఖిత కాలేయంలోంచి తీసినవి. వంశంలో వచ్చిన కొలెస్ట్రాల్ జబ్బు ఆమెను ముప్ఫై దాటనివ్వలేదు. ఆమె పోయినా కణాలు బతికాయి. శొంఠికి ఘాటునిచ్చే షోగాల్ చుక్క తగిలితే చాలు, కొలెస్ట్రాల్‌ను లోపలికి లాగే రిసెప్టర్లను పెంచుకుంటున్నాయి. విదేశీ ముఠా చేతికి చిక్కితే పేటెంట్ వాళ్లది. మన శొంఠి మందు వాళ్ల దగ్గరే కొనుక్కోవాలి.

"తేలేకపోతే, సార్?"

"నాశనం చెయ్." చీఫ్ గొంతు తగ్గింది. "అవి లిఖిత కణాలని తెలుసురా. అయినా చెయ్."

ఆ రోజు శ్రీరామనవమి. ఆత్మకూరు బస్టాండులో ఆగిన ప్రతి బస్సులోకీ పానకం బకెట్లు ఎక్కుతున్నాయి. మాల్యాద్రి పెట్టుడు మీసం, తలపాగా, నామంతో ఒక బకెట్ అందుకున్నాడు.

మూడో సీటులో రేణుకాదేవి. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, ఒళ్లో స్టీలు ఫ్లాస్కు. పక్కన ఒక తెల్లవాడు, చెయ్యి కోటు జేబులో. జేబులో పిస్టల్ ఆకారం తెలుస్తూనే ఉంది. బస్సు నిండా జనం. లాక్కునే వీలు లేదు. డ్రైవర్ హారన్ కొట్టాడు.

"రాములోరి పానకం తల్లీ! గ్లాసులైపోయినాయి. ఏదుంటే అది పట్టు," అన్నాడు మాల్యాద్రి గొంతు మార్చి.

"వద్దులేయ్యా."

"ఏంది వద్దు?" వెనక సీటు అవ్వ గదిమింది. "ఉదయగిరి పిల్లవేనా నువ్వు? నవమి పూట పానకం కాదంటారా ఎవురైనా?"

రేణుకాదేవి పుట్టి పెరిగింది ఉదయగిరిలోనే. పుట్టి బుద్ధెరిగాక ఏ నవమికీ పానకం కాదనలేదు. ఆలోచన కంటే ముందు చేతులు కదిలాయి. మూత తిప్పి ఫ్లాస్కు చాచింది.

లోపల కణాలు బతికే గులాబిరంగు నీళ్లు, నులివెచ్చగా. మాల్యాద్రి బకెట్ ఎత్తాడు. వంచాడు. బెల్లం, మిరియాలు, శొంఠి అన్నీ అందులో పడ్డాయి. అంత తీపిలో, ఘాటులో ఏ కణమూ బతకదు.

తెల్లవాడు పిస్టల్ తీసేలోగా బకెట్ వాడి నెత్తిన బోర్లాపడింది. జనంలో కలిసి కూర్చున్న మఫ్టీ పోలీసులు ఇద్దర్నీ దించారు.

"నీ గొంతు ఇప్పుడు గుర్తుపట్టినాను మాల్యాద్రీ," అంది రేణుకాదేవి. "నీ పెళ్లాన్ని నువ్వే చంపుకున్నావు."

అతను బస్టాండు పక్కనున్న పందిట్లోకి నడిచాడు. రాముడి పటం ముందు నిలబడ్డాడు. ఎవరిని గెలిపించావు స్వామీ? ఎవరో పానకం చెంబు అందించారు. గుటక వేశాడు.

"మిషన్? గొంతేంది అట్లుండాది?" ఇయర్‌పీస్ అడిగింది.

"సక్సెస్ సార్. శొంఠే, కాస్త ఎక్కువ పడింది."